ఇళ్లు, చెరువులు, గల్లీలు: పైనుంచి తీసిన చిత్రాన్ని మ్యాపుగా మార్చడానికి ఏ పద్ధతి ఎంచుకోవాలి?

హైదరాబాద్‌లో ఈ పని ఎక్కువగా మూడు రూపాల్లో వస్తుంది. ఒక వార్డులోని కట్టడాలన్నీ పాలిగాన్లుగా, అంటే చుట్టూ గీత గీసిన ఆకారాలుగా కావాలి. లేదా అవుటర్ రింగ్ రోడ్డు అవతల కొత్త వెంచర్లలో రోడ్లు ఎంతవరకు పడ్డాయో తెలియాలి. లేదా ఫలానా చెరువులో పదేళ్ల కిందట నీళ్లు ఎక్కడిదాకా ఉండేవో, ఇప్పుడు ఎక్కడిదాకా ఉన్నాయో చూపాలి. అడిగేవాళ్లు ఎవరైనా చివర్లో అనే మాట ఒకటే: "ఇప్పుడంతా ఏఐనే కదా, మనిషి కూర్చుని గీయడమెందుకు?"

ఏఐ గీస్తుంది. గీసినదాన్ని దిద్దేది మాత్రం మనిషే, ఖర్చంతా ఆ దిద్దుబాటులోనే ఉంది. కాబట్టి "95 శాతం కచ్చితత్వం" అని అమ్మేవాళ్లు చెప్పే అంకెను పక్కన పెట్టి, వంద పాలిగాన్లు దిద్దడానికి మీ ఆపరేటర్‌కు ఎన్ని నిమిషాలు పడుతోందో చూడండి.

ఒక లెక్క వేద్దాం. 20,000 కట్టడాలున్నాయనుకోండి. ఒక్కోటి చేత్తో గీయడానికి 40 సెకన్లు పడితే మొత్తం 222 గంటలు. ఇప్పుడు ఒక మోడల్ (ఉదాహరణలు చూసి నేర్చుకున్న ఏఐ ప్రోగ్రాం) గీసిచ్చిందనుకోండి. ప్రతి పాలిగాన్‌నూ ఒకసారి కంటితో చూసి ముందుకెళ్లడానికి 4 సెకన్ల చొప్పున 22 గంటలు ఎలాగూ పోతాయి. వందకు 30 దిద్దాల్సి వచ్చి, ఒక్కోదానికి 30 సెకన్లు పడితే ఇంకో 50 గంటలు. అంటే 72 గంటల్లో పని ముగుస్తుంది, లాభమే. అదే వందకు 70 దిద్దాల్సి వస్తే? అన్ని తప్పులున్నచోట తప్పులు పెద్దవి కూడా, వాటిని సరిచేయడం కొత్తగా గీయడం కన్నా నెమ్మది, ఒక్కోదానికి 45 సెకన్లు వేసుకోండి. 175 గంటలకు ఆ 22 కలిపితే 197. చేతి పనికీ దీనికీ తేడా 25 గంటలే. మోడల్ తయారీకి పట్టిన వారం రోజులు ఇంకా ఇందులో కలపలేదు.

చిత్రమే సగం నిర్ణయం చేసేస్తుంది

పద్ధతి సంగతి తర్వాత. చేతిలో ఉన్న చిత్రంలో మీకు కావాల్సిన వస్తువు అసలు కనిపిస్తోందా?

200 గజాల ప్లాటు మొత్తం డాబా వేశారనుకుందాం, అంటే 167 చదరపు మీటర్లు. యూరప్ ఉపగ్రహం సెంటినెల్-2 ఉచితంగా ఇచ్చే చిత్రంలో పిక్సెల్ (చిత్రంలోని ఒక్కో గడి) వైపు 10 మీటర్లు, అంటే ఒక్క పిక్సెల్‌కే 100 చదరపు మీటర్లు. ఆ ఇల్లు మొత్తం రెండు పిక్సెళ్లు కూడా కాదు. మన దేశపు రిసోర్స్‌శాట్ ఉపగ్రహంలోని లిస్-4 కెమెరాలో 5.8 మీటర్లు, కాబట్టి ఐదు పిక్సెళ్లు. కార్టోశాట్-2 శ్రేణిలోని 65 సెంటీమీటర్ల చిత్రంలో 400 దాకా వస్తాయి. 30 సెంటీమీటర్లకు వస్తే దాదాపు 1,850. డ్రోన్‌తో తీసిన 5 సెంటీమీటర్ల చిత్రంలో 66,000 పైచిలుకు. వస్తువు ఉందో లేదో చెప్పడానికి దాని చిన్న వైపు మూడు నాలుగు పిక్సెళ్లు ఉంటే చాలు. ఆకారం గీయాలంటే ఎనిమిది, పది ఉండాలి. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే సగం సందేహాలు తీరిపోతాయి. సెంటినెల్ చిత్రం నుంచి ఇళ్లు తీసిపెడతామని ఎవరైనా చెబితే మర్యాదగా టీ ఇచ్చి పంపేయండి.

పాతబస్తీకి ఈ సూత్రం కూడా చాలదు. యాకుత్‌పురా, తలాబ్‌కట్ట వైపు ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. పైనుంచి చూస్తే రెండు ఇళ్లను వేరు చేసేది మధ్యనున్న పిట్టగోడ ఒక్కటే. తొమ్మిది అంగుళాల గోడ అంటే 23 సెంటీమీటర్లు. 30 సెంటీమీటర్ల చిత్రంలో అది ఒక పిక్సెల్ కూడా కాదు. పక్క డాబా సున్నం తెలుపు, ఈ డాబా సిమెంటు బూడిద రంగు అయితే మోడల్‌కు కాస్త ఆధారం దొరుకుతుంది. రెండూ ఒకే రంగైతే ఇరవై ఇళ్ల వరుస మొత్తం ఒకే ముద్దగా వచ్చేస్తుంది. మోడల్‌ను తిట్టి లాభం లేదు, చిత్రంలోనే ఆ గీత లేదు. 5 సెంటీమీటర్ల డ్రోన్ చిత్రంలో అదే గోడ నాలుగైదు పిక్సెళ్లుగా, సన్నటి నీడతో సహా కనిపిస్తుంది. ఇంటికొక పాలిగాన్ కావాలంటే పాతబస్తీలో డ్రోన్ తప్ప దారి లేదు. గచ్చిబౌలి విల్లాలకు మాత్రం 30 సెంటీమీటర్ల చిత్రం నిక్షేపంలా సరిపోతుంది.

డ్రోన్‌కైనా ముందు డిజిటల్ స్కై (ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైటు) మ్యాపులో జోన్ చూసుకోవాలి. బేగంపేట, హకీంపేట, దుండిగల్, శంషాబాద్ ఎయిర్‌ఫీల్డుల వల్ల నగరంలో చాలా భాగానికి అనుమతులు కావాలి. అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో 120 మీటర్ల ఎత్తు వరకు ఎగరొచ్చు, ఆ ఎత్తులో మామూలు కెమెరాతో 3 నుంచి 4 సెంటీమీటర్ల పిక్సెల్ వస్తుంది. ముందువెనుకల 75–80 శాతం, పక్కలకు 70 శాతం ఓవర్‌ల్యాప్ (ఒక ఫోటో మీద ఇంకోటి పడే భాగం) పెట్టండి. అపార్ట్‌మెంట్లున్నచోట అంతకన్నా తగ్గిస్తే గోడలు కరిగిపోయినట్టు వస్తాయి.

ఉపగ్రహ చిత్రం కొనేటప్పుడు అందరూ మేఘాల శాతం అడుగుతారు, వాలు కోణం అడగడం మరిచిపోతారు. ఉపగ్రహం 25 డిగ్రీలు పక్కకు వంగి తీస్తే 30 మీటర్ల అపార్ట్‌మెంట్ పైకప్పు దాని పునాది నుంచి 14 మీటర్లు జరిగి కనిపిస్తుంది. 15 డిగ్రీలైనా 8 మీటర్లు. గోడ కూడా కనిపిస్తుంది కాబట్టి మోడల్ గోడనూ కప్పునూ కలిపి గీస్తుంది. ఆర్డర్‌లోనే 15 డిగ్రీల లోపు అని రాయండి. నెల కూడా ముఖ్యమే. వర్షాకాలం మేఘాల గోల ఎలాగూ ఉంటుంది. డిసెంబరులో ఆకాశం తేటగా ఉన్నా, ఉదయం పదిన్నరకు సూర్యుడు 45 డిగ్రీలకు అటూఇటూగా ఉంటాడు. 30 మీటర్ల భవనం నీడ 30 మీటర్లు పడి వెనక ఇంటిని మింగేస్తుంది. ఫిబ్రవరి చివర నుంచి ఏప్రిల్ వరకు నీడలు పొట్టివి, చాలా చెట్లు ఆకు రాల్చి ఉంటాయి. ఇళ్లకు, రోడ్లకు అదే అదను.

చిత్రాన్ని మీరే సరిదిద్దుకునే పక్షంలో ఇంకో ఉచ్చు ఉంది. ఉపగ్రహ చిత్రంతో వచ్చే గణిత నమూనా ఎత్తును ఎలిప్సాయిడ్ (భూమికి వాడే నున్నటి గణిత ఆకారం) నుంచి కొలుస్తుంది. ఉచితంగా దొరికే ఎత్తుల డేటా చాలావరకు సముద్ర మట్టం నుంచి కొలిచింది. హైదరాబాద్ దగ్గర ఈ రెండింటి మధ్య తేడా 75 మీటర్లకు అటూఇటూ. సాఫ్ట్‌వేర్‌లో ఈ తేడాను సరిచేసే జియాయిడ్ సవరణ టిక్ చేయడం మరిచిపోతే 15 డిగ్రీల కోణంలో చిత్రమంతా దాదాపు 20 మీటర్లు పక్కకు పోతుంది. అంతా ఒకేలా జరుగుతుంది కాబట్టి పాత మ్యాపు మీద పెట్టేదాకా ఎవరికీ తెలియదు.

సిద్ధంగా ఉన్నవి

కొత్తగా ఏదీ తీయకముందే ఉన్నవి దించి చూడాలి. గూగుల్ ఓపెన్ బిల్డింగ్స్ మూడో విడుదల (2023) మన దేశాన్నీ కలుపుకుని 180 కోట్ల కట్టడాలు ఇస్తోంది. ప్రతి పాలిగాన్‌కు 0.65 నుంచి మొదలయ్యే నమ్మకపు స్కోరు ఉంటుంది. నగరం అంచుల్లో 0.75 పైవి మాత్రమే పెట్టుకుంటే రాళ్లు, గడ్డివాములు చాలావరకు తగ్గుతాయి. మైక్రోసాఫ్ట్ ఇచ్చే కట్టడాల ఫుట్‌ప్రింట్లు ఇంకోటి, జనం కలిసి గీసిన ఉచిత మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మూడోది. మూడింటినీ ఒకే చిత్రం మీద పరిచి చూస్తే ఏది ఎక్కడ పనికొస్తుందో పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

వీటి లోపాలు ఊహించగలిగినవే. పాతబస్తీలో ముద్దలు. కొత్త వెంచర్లలో ఖాళీలు, ఎందుకంటే చిత్రం తీసినప్పుడు అక్కడ ఇళ్లు లేవు. ఏ పాలిగాన్ ఏ తేదీ చిత్రం నుంచి వచ్చిందో చాలాసార్లు తెలియదు. మీ చిత్రంతో పోలిస్తే కొన్ని మీటర్లు పక్కకు ఉండొచ్చు, ఆ జరుగుడు కూడా పేటకో రకంగా ఉంటుంది. కాబట్టి నగరం మొత్తానికి ఒకే సవరణ ఇవ్వకుండా ముక్కలుగా విడగొట్టి జరపాలి. జనాభా అంచనా, డ్రైనేజీ ప్లానింగ్, సోలార్ కప్పుల స్థూల లెక్క వంటివాటికి ఇవి చాలు. పన్ను లెక్కకు చాలవు.

లైసెన్సు కూడా చదవండి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్, మైక్రోసాఫ్ట్ డేటా ఉన్న లైసెన్సు ప్రకారం వాటిని కలిపి తయారు చేసిన డేటాబేస్‌ను బయటికిస్తే అదే షరతుల మీద ఇవ్వాలి. ఇక గూగుల్ మ్యాప్స్‌లో కనిపించే ఉపగ్రహ చిత్రాన్ని టైళ్లుగా (చదరపు ముక్కలుగా) దించి దాని మీద మోడల్ నడపడం వాళ్ల నిబంధనలకు విరుద్ధం. అమీర్‌పేట కోచింగ్ నోట్సులో రాసి ఉన్నంత మాత్రాన సరైపోదు.

చెరువులకు డీప్ లెర్నింగ్ అక్కర్లేదు

నీటి విస్తీర్ణానికి యూ-నెట్ లాంటి డీప్ లెర్నింగ్ మోడల్ పట్టుకొచ్చేవాళ్లను చూస్తే దోమను కొట్టడానికి రోకలి తెచ్చినట్టుంటుంది. సెంటినెల్-2 లో ఆకుపచ్చ బ్యాండు (ఆ రంగు కాంతిని మాత్రమే కొలిచే పొర), కంటికి కనిపించని సమీప పరారుణ బ్యాండు రెండూ 10 మీటర్లవే. మొదటిదాంట్లోంచి రెండోది తీసేసి, వచ్చినదాన్ని వాటి మొత్తంతో భాగిస్తే ఎన్‌డీడబ్ల్యూఐ అనే నీటి సూచీ వస్తుంది. సున్నాకు పైన ఉన్నది నీరు. 1996 నుంచి వాడుకలో ఉన్న సూత్రమిది. ఐదు రోజులకొక చిత్రం ఉచితంగా వస్తుంది, మామూలు ల్యాప్‌టాప్ చాలు.

పొరపాట్లు రెండు చోట్ల జరుగుతాయి. ఎత్తైన భవనాల నీడలూ నల్లటి తారు నేలలూ నీళ్లలా కనిపిస్తాయి. దీనికి కనీస విస్తీర్ణం పెట్టి, నీడ దిశలో ఉన్న చిన్న ముక్కలు తీసేస్తే సరి. రెండోది గుర్రపు డెక్క. మన చెరువుల్లో సగం నీటిని అది కప్పేస్తుంది, సూచీకి అది పచ్చిక బయలే. ఆ లెక్కన చెరువు సగమైపోయిందని రిపోర్టులో రాసేస్తే నవ్వులపాలవుతారు. వానలు తగ్గాక అక్టోబరు, నవంబరు చిత్రం ఒకటి, మే నెలది ఒకటి పక్కపక్కన పెట్టండి. రెండింట్లోనూ దట్టంగా పచ్చగా ఉండి, అంచు గట్టు వెంబడే నడుస్తుంటే అది గడ్డి కాదు, డెక్క. జులై, ఆగస్టులో మేఘాల కింద నీళ్లు చూడాలంటే సెంటినెల్-1 రాడార్ ఒక్కటే దిక్కు. కదలని నీరు అందులో నల్లగా పడుతుంది. డెక్క ఉన్నచోట మాత్రం మెరుస్తుంది కాబట్టి అక్కడ రాడార్ కూడా మోసపోతుంది.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. చిత్రంలో కనిపించే నీటి అంచు ఆ రోజు నీటి అంచు మాత్రమే. ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి మట్టం) అనేది అలుగు మట్టం నుంచి కాంటూరు (ఒకే ఎత్తున్న గీత) పట్టుకుని తేల్చేది, దానికి నేల ఎత్తుల సర్వే కావాలి. చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ వచ్చిన 2024 నుంచి ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడటం పెరిగింది. ఉపగ్రహ చిత్రం పట్టుకుని "ఇది ఎఫ్‌టీఎల్ లోపల" అని ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వకండి.

ఇళ్లకు: సామ్‌తో క్లిక్కా, సొంత శిక్షణా?

అసలు పోటీ ఇక్కడే. మధ్యలో ముక్కల పద్ధతి ఒకటుంది: ఇకాగ్నిషన్ అనే సాఫ్ట్‌వేర్ లేదా ఉచితంగా దొరికే ఓర్ఫియో టూల్‌బాక్స్‌తో చిత్రాన్ని ఒకేలా ఉన్న ముక్కలుగా కోసి, రంగు, ఆకారం చూసి నియమాలు రాయడం. ఒక చిత్రం మీద అందంగా కుదిరిన నియమాలు పక్క చిత్రం మీద కుదరవు, మళ్లీ అంకెలు తిప్పుకుంటూ కూర్చోవాలి. భూ వినియోగ మ్యాపులకు ఇప్పటికీ మంచిదే. ఇళ్ల కోసం కొత్తగా నేర్చుకోమని మాత్రం చెప్పం.

మెటా కంపెనీ 2023 ఏప్రిల్‌లో ఇచ్చిన సెగ్మెంట్ ఎనీథింగ్ మోడల్, అందరూ పిలుచుకునే సామ్, చిన్న కార్యాలయాల పనితీరును మార్చేసింది. కప్పు మధ్యలో ఒక క్లిక్కు లేదా చుట్టూ ఒక పెట్టె ఇస్తే అంచులు అదే పట్టుకుంటుంది. ఉచిత మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ ప్లగిన్లలోనూ, సామ్‌జియో అనే పైథాన్ ప్యాకేజీలోనూ దొరుకుతుంది. 8 జీబీ గ్రాఫిక్స్ కార్డుతో చిన్న రూపం హాయిగా నడుస్తుంది. పెద్ద రూపం ఫైలే రెండున్నర జీబీ. వాడేటప్పుడు నాలుగు విషయాలు గుర్తుంచుకోవాలి. క్లిక్కు కన్నా పెట్టె నయం, ఎందుకంటే డాబా మీద ఒక్క క్లిక్కు పడితే అది నీళ్ల ట్యాంకును పట్టుకోవాలా, డాబానా, కాంపౌండు మొత్తమా అని తడబడుతుంది. చిత్రాన్ని అది 1,024 పిక్సెళ్లకు కుదించుకుంటుంది కాబట్టి పెద్ద ఆర్థో (వాలు సరిచేసి అతికించిన చిత్రం) మొత్తం ఒకేసారి ఇస్తే ఇళ్లు ఆవగింజలవుతాయి, 1,024 పిక్సెళ్ల టైళ్లుగా కోసి ఇవ్వండి. "అన్నీ నువ్వే పట్టు" అని ఆటోమేటిక్ పద్ధతిలో వదిలేస్తే కార్లు, నీడలు, ట్యాంకులు, చెట్లు అన్నీ గీసిపెడుతుంది, ఏది ఏమిటో పేరు మాత్రం చెప్పదు. ఇక గూగుల్ లేదా మైక్రోసాఫ్ట్ పాలిగాన్ల చుట్టుపెట్టెలనే దీనికి ఇన్‌పుట్‌గా ఇవ్వడం మంచి కిటుకు. పాత పాలిగాన్ ఎక్కడో చెబుతుంది, సామ్ కొత్త చిత్రంలో అంచు సరిచేస్తుంది. జరుగుడు రెండు మూడు మీటర్లు దాటితే మాత్రం పెట్టెలో పక్కింటి కప్పు పడుతుంది, ముందు జరిపి తర్వాత ఇవ్వాలి.

సొంత శిక్షణ ఎప్పుడు? మా అంచనాలో 50 చదరపు కిలోమీటర్లు దాటితేనో, అదే ప్రాంతాన్ని ఏటా తీయాల్సి ఉంటేనో. అంతకు తక్కువైతే లేబుళ్లు (మోడల్‌కు నేర్పడానికి చేత్తో గీసే ఉదాహరణలు) గీసే సమయంలో అసలు పనే అయిపోతుంది. బయట దొరికే మోడల్‌ను నేరుగా వాడదామంటే, చాలావరకు అమెరికా, యూరప్ ఇళ్ల మీద నేర్చుకున్నవి: వాలు కప్పు, చుట్టూ పచ్చిక. మన డాబాను రోడ్డనుకుంటాయి, మన రోడ్డును డాబా అనుకుంటాయి. వాటి మీద మన లేబుళ్లతో కొంచెం మళ్లీ శిక్షణ ఇస్తే దారికొస్తాయి.

లేబుళ్లు 3,000 నుంచి 5,000 కట్టడాలు గీయండి, కానీ ఒకేచోట కాదు. పాతబస్తీ గల్లీలు, కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్లు, జీడిమెట్ల రేకుల షెడ్లు, గచ్చిబౌలి గేటెడ్ కమ్యూనిటీలు, ఘట్‌కేసర్ వైపు సగం కట్టిన ఇళ్లు, అన్నిట్లోంచీ కొంత. ఏ ఇళ్లూ లేని ముక్కలు కూడా పెట్టాలి, ముఖ్యంగా ఖాజాగూడ రాళ్లు. మన గ్రానైటు గుండ్లు పైనుంచి తెల్లగా, ఒక ఇంటి సైజులో, పక్కన నీడతో అచ్చం కప్పులా ఉంటాయి. ఎత్తుల డేటాతో వేరుచేద్దామన్నా కుదరదు, గుండు కూడా ఎత్తుగానే ఉంటుంది మరి. "ఇది ఇల్లు కాదు" అని ఉదాహరణలతో చూపించడమే మార్గం.

మాస్కులో (ఏ పిక్సెల్ ఏమిటో చెప్పే పొరలో) ఇల్లు, ఇల్లు కానిది అని రెండే పెడితే ఆనుకున్న ఇళ్లు అతుక్కుంటాయి. రెండు ఇళ్ల మధ్య అంచును మూడో రకంగా, రెండు మూడు పిక్సెళ్ల మందంతో గీసి నేర్పండి. తర్వాత ఆ అంచు తీసేసి విడిపోయిన ముక్కలను అంతే వెడల్పు పెంచితే సరిపోతుంది. టైలు సైజు విషయంలో డ్రోన్ వాళ్లు తరచూ తప్పు చేస్తారు. 5 సెంటీమీటర్ల చిత్రంలో 512 పిక్సెళ్ల టైలు అంటే 25 మీటర్ల చదరం, అందులో ఒక మామూలు అపార్ట్‌మెంటు పట్టదు. మోడల్‌కు ఆరేసిన బట్టలు, ట్యాంకు, సోలార్ హీటరు కనిపిస్తాయి కానీ ఇల్లు కనిపించదు. శిక్షణకు చిత్రాన్ని 15–20 సెంటీమీటర్ల పిక్సెల్‌కు కుదించుకోండి. పిట్టగోడ దగ్గర అంచు కావాలంటే 10 దగ్గర ఆపండి.

కొనే ఉపగ్రహ చిత్రాలు చాలావరకు 11 బిట్లలో వస్తాయి. వాటిని 8 బిట్లకు మార్చేటప్పుడు ప్రతి టైలునూ విడిగా సాగదీస్తే పక్కపక్క టైళ్లలో ఒకే కప్పు రెండు రంగుల్లో పడుతుంది, ఫలితంలో చదరంగం బల్లలా గళ్లు కనిపిస్తాయి. మొత్తం చిత్రానికి ఒకే 2–98 శాతం కోత (అతి చీకటి, అతి వెలుగు పిక్సెళ్లను 2 శాతం చొప్పున వదిలేయడం) పెట్టండి. ఇక పరీక్షకు పెట్టే ముక్కలను శిక్షణ ముక్కల మధ్య నుంచి ఏరకండి. పక్క టైలు నేర్చుకున్న మోడల్‌కు ఈ టైలు కాపీ కొట్టినట్టే. ఒక పేట మొత్తం పక్కన పెట్టి దాని మీద పరీక్షించాలి.

యూ-నెట్, డీప్‌ల్యాబ్, సెగ్‌ఫార్మర్ అనే మోడళ్లలో ఏది అన్న చర్చ చివరిది. లేబుళ్లు బాగుంటే వాటి మధ్య తేడా స్వల్పం. లేబుళ్లు మూడు మీటర్లు పక్కకు ఉంటే ఏదీ కాపాడదు. యోలో అనే మోడల్ వాడేవాళ్లు ఒక్కటి చూసుకోండి: అల్ట్రాలిటిక్స్ వెర్షన్లు ఏజీపీఎల్ లైసెన్సులో ఉన్నాయి, కోడ్ బయటపెట్టకుండా ప్రొడక్టులో పెట్టి అమ్మాలంటే వేరే లైసెన్సు కొనాలి.

రోడ్లు

హైదరాబాద్ నగరంలో రోడ్లు చిత్రం నుంచి తీయకండి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఇప్పటికే ఉన్నవాటి దగ్గరికి కూడా మోడల్ రాదు. నిద్రగన్నేరు చెట్ల కింద, మెట్రో వయాడక్టు కింద రోడ్డు కనిపించనే కనిపించదు. అమీర్‌పేటలో మోడల్‌కు దొరికేది రోడ్డు కాదు, దాని మీదున్న పట్టాల వంతెన. ఫలితం ముక్కలు ముక్కలుగా వస్తుంది. రోడ్ల మ్యాపులో ఒక్కచోట తెగితే ఆ దారి లేనట్టే, విస్తీర్ణం 95 శాతం సరిపోయినా రూటింగ్‌కు సున్నా.

షాద్‌నగర్, యాదాద్రి వైపు వెంచర్లలో పరిస్థితి తిరగబడుతుంది. ఎర్రమట్టి రోడ్లు, చెట్లు లేవు, ఇళ్లు లేవు. అక్కడ 50 సెంటీమీటర్ల చిత్రంతోనే శుభ్రంగా వస్తాయి. మాస్కును సన్నటి మధ్యగీతగా మార్చి, 10 మీటర్ల లోపు తోకలు కత్తిరించి, 15 మీటర్ల లోపు ఖాళీలను దిశ చూసి కలపండి. ప్లాటు గట్లనూ ఎండిన నాలాలనూ రోడ్లుగా గీస్తుంది, అవి చేత్తో తీసేయాల్సిందే.

మాస్కు నుంచి మ్యాపు దాకా

మోడల్ ఇచ్చేది పిక్సెళ్ల మచ్చ. దాన్ని పాలిగాన్‌గా మార్చే దగ్గర వరుస తప్పితే మంచి ఫలితం కూడా పాడవుతుంది. టైళ్లను కనీసం 64 పిక్సెళ్లు ఒకదానిమీదొకటి పడేలా కోసి, అతుకు దగ్గర సంభావ్యతలను సగటు చేసి, ఆ తర్వాతే ఇంతకు పైనున్నది ఇల్లు అని గీత పెట్టాలి. టైలుకు టైలు పాలిగాన్లు చేసి అతికిస్తే ఇళ్లు నిట్టనిలువునా రెండుగా కోసినట్టు వస్తాయి. నల్ల ట్యాంకుల వల్ల పడిన బొక్కలను 6 చదరపు మీటర్ల లోపువైతే పూడ్చేయండి. అంతకన్నా పెద్దవి వదలండి, పాత ఇళ్లలో అది నడిమింటి ఆకాశం కావచ్చు. 10–15 చదరపు మీటర్ల లోపు ముక్కలు తీసేయండి.

అంచులు సరళం చేసేటప్పుడు ఒక్కో పాలిగాన్‌ను విడిగా చేస్తే ఆనుకున్న ఇళ్ల మధ్య సన్నటి చీలికలు, ఒకదాని మీదొకటి ఎక్కిన అంచులు పుడతాయి. ఉమ్మడి అంచును గుర్తుపెట్టుకునే గ్రాస్ లేదా మ్యాప్‌షేపర్ సాఫ్ట్‌వేర్ వాడండి. మూలలను లంబకోణాలు చేసే ఆర్థోగనలైజ్ చివర్లో రావాలి, అదీ అన్నిటికీ కాదు. సైబర్ టవర్స్ లాంటి గుండ్రటి కట్టడాన్ని, మసీదు గుమ్మటాన్ని, ఓవర్‌హెడ్ ట్యాంకును అది మెట్లమెట్లుగా చేసిపెడుతుంది.

డ్రోన్ పనిలో ఎత్తుల నమూనా కూడా వస్తుంది కాబట్టి నేల ఎత్తు తీసేసి, రెండున్నర మీటర్ల పైనున్నవే ఉంచితే కాంక్రీటు ముంగిళ్లు, ఆగి ఉన్న కార్లు పోతాయి. చెట్లు మిగులుతాయి. మామూలు కెమెరాకు పరారుణం లేదు కాబట్టి పచ్చదనం సూచీతో చెట్లు తీస్తారు. దాంతో ఆకుపచ్చ రేకుల షెడ్లు, నర్సరీల గ్రీన్ నెట్లు కూడా కొట్టుకుపోతాయి. తీసేసిన వాటిలో నున్నటి, చదునైన ఉపరితలం ఉన్నవాటిని వెనక్కి తెచ్చుకోండి.

ఒప్పుకునే ముందు పరీక్ష

మూడు వేర్వేరు పేటల్లో 500 మీటర్ల చదరాలు తీసుకుని చేత్తో గీయించండి. అదే కొలబద్ద. తర్వాత పోటీలో ఉన్న పద్ధతులను వాటి మీద నడిపి, దిద్దుబాటుకు గడియారం పెట్టండి. దొరకనివెన్ని, లేనివాటిని గీసినవెన్ని, అతుక్కున్నవెన్ని, చీలినవెన్ని, విడివిడిగా లెక్కించండి. అతుక్కున్నదాన్ని కోయడం అన్నిటికన్నా సమయం తింటుంది.

ఐఓయూ (రెండు ఆకారాల ఉమ్మడి భాగాన్ని రెండూ కలిసి ఆక్రమించినదానితో భాగిస్తే వచ్చేది) 0.5 దాటితే సరైనట్టే అని పరిశోధన పేపర్లలో రాస్తారు. 10×15 మీటర్ల ఇంటిని రెండు వైపులా 2 మీటర్ల చొప్పున జరపండి. ఉమ్మడి భాగం 104, మొత్తం ఆక్రమించింది 196, ఐఓయూ 0.53. పరీక్ష పాస్! రెండు మీటర్ల సెట్‌బ్యాక్ ఉల్లంఘన చూడాల్సిన పనికి ఆ పాలిగాన్ చెత్తబుట్టకే. కాబట్టి కాంట్రాక్టులో ఐఓయూతో పాటు మూలల తేడా మీటర్లలో ఎంతవరకు ఒప్పుకుంటారో రాయించుకోండి. కప్పు అంచు కావాలా, పునాది అంచు కావాలా అన్నది కూడా. సన్‌షేడ్ అరమీటరు నుంచి ముప్పావు మీటరు బయటికుంటుంది, పైనుంచి తీసిన ఏ చిత్రమూ దాని కింద గోడను చూడలేదు. విస్తీర్ణానికి పన్ను కట్టేవాళ్లు మొదట అడిగేది దాని గురించే.

విస్తీర్ణం లెక్కించే ముందు ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదునుగా పరిచే పద్ధతి) చూడండి. హైదరాబాద్ యూటీఎం అనే ప్రొజెక్షన్‌లో 44వ జోన్‌లో ఉంది, సాఫ్ట్‌వేర్‌లో దాని కోడ్ ఈపీఎస్‌జీ 32644. పడమటికి వెళ్తే శంకర్‌పల్లి దాటాక 78 డిగ్రీల రేఖాంశం వస్తుంది. వికారాబాద్, జహీరాబాద్ 43వ జోన్‌లోకి పోతాయి. రెండు జోన్ల టైళ్లూ కలిసే పనిలో మొదలుపెట్టేటప్పుడే ఒక జోన్ ఖాయం చేసుకుని అన్నీ అందులోకి మార్చుకోవాలి. సెంటినెల్ టైళ్లు అక్కడ రెండు జోన్లలోనూ వస్తాయి, చూడకుండా కలిపితే ఒకే చెరువు రెండుసార్లు లెక్కలోకొస్తుంది.

ఫైలు పాత షేప్‌ఫైల్ రూపంలో అడిగితే కొత్తదైన జియోప్యాకేజ్ రూపంలో కూడా ఇస్తామని చెప్పండి. షేప్‌ఫైల్ 2 జీబీ దాటదు, కాలమ్ పేరు పది అక్షరాలకు మించదు. అక్షరాల కోడ్‌ను యూటీఎఫ్-8 అని సెట్ చేయకపోతే తెలుగులో రాసిన కాలనీ పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా తెరుచుకుంటాయి.